పడుకోనివ్వడమే దయా?



మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పడేది చెట్టెక్కో మెట్టెక్కో కాదు. తెల్లవారుజామున చీకట్లో స్నానాల గది గడప దగ్గర, తడి బండ మీద, లేదా మంచం పక్కన చాప అంచు తట్టుకుని పడతారు. "కాలు కదలడం లేదురా" అంటారు. ఎక్స్‌రే తీస్తే తుంటి ఎముక విరిగి ఉంటుంది. ఇక అంబులెన్సు, ఆస్పత్రి, అప్పు, ఆపరేషన్. లోపల కడ్డీయో, మరలో, కొత్త కీలో అమరుస్తారు. కొద్ది రోజులకు ఇంటికి పంపిస్తారు. చుట్టాలు వచ్చి పండ్లు చేతిలో పెట్టి, "ఆపరేషన్ బాగా జరిగిందట, దేవునికి వందనాలు" అని వెళ్ళిపోతారు.

ఈ వారం నేను మీ ముందుంచదలచిన ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఆపరేషన్ అయిన ఆ మనిషికి మనం చేయవలసిన మేలు ఏమిటి? నొప్పితో మూలుగుతున్న తల్లిని కదపకుండా పడుకోనివ్వడం దయా? ఏడుస్తున్నా సరే లేపి నిలబెట్టడం దయా? ఇది డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలా కనిపిస్తుంది. సగం నిజమే. మిగిలిన సగం మన మనస్సాక్షిని అడగవలసింది.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 2001వ సంవత్సరం. గురువునై ఎంతో కాలం కాలేదు. మొదటి శుక్రవారం జబ్బుపడిన వారికి దివ్యసత్ప్రసాదం తీసుకుని వెళ్ళేవాడిని. ఒక ఇంట్లో డెబ్బై దాటిన తల్లి తుంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఉంది. రోజూ కూర్చోబెట్టాలని, చేతికర్ర చట్రం పట్టించి నడిపించాలని ఆస్పత్రిలో చెప్పి పంపారట. నేను వెళ్ళే సమయానికి కొడుకు ఆమె భుజాల కింద చెయ్యి వేసి లేపుతున్నాడు. ఆమె గోడలు అదిరేలా కేక పెట్టింది. నేను ఆగలేకపోయాను. "ఎందుకయ్యా ఆమెను హింసపెడతారు? పెద్ద ప్రాణం. హాయిగా పడుకోనివ్వండి" అన్నాను.

ఫాదర్‌గారు చెప్పారు గనుక వాళ్ళు మానేశారు. మరుసటి నెల వెళ్ళినప్పుడు గది గుమ్మం దగ్గరే వాసన తగిలింది. నడుము చివర అరచేయంత పుండు. గొంతులో గురక, దగ్గు. తరువాత పది రోజులకు ఆమెను సమాధి చేశాం. ఆ రోజు కొడుకు నా చెయ్యి ముద్దుపెట్టుకుని, "మా అమ్మను బాధపెట్టకుండా కాపాడారు సామీ" అన్నాడు. నేను ఆ మాట అనకపోయి ఉంటే ఆమె బ్రతికేదని చెప్పలేను. కాని ఆ కృతజ్ఞత నాకు దక్కవలసింది కాదని మాత్రం తరువాత తెలుసుకున్నాను. ఇప్పటికీ అది నా చేతిని అంటుకునే ఉంది.

మంచం ఏమి చేస్తుందో తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. రిచర్డ్ ఆషర్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1947లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం రాశాడు. మంచాన పడుకోవడంలో ఉన్న అపాయాలే దాని విషయం. ఊపిరితిత్తులు, రక్తనాళాలు, చర్మం, కండరాలు, ఎముకలు, మూత్రాశయం, పేగులు, చివరికి మనస్సు - పడక ఒక్కొక్కదానిని ఎలా పాడుచేస్తుందో వరుసగా చెప్పాడు. అప్పటిదాకా విశ్రాంతి అంటే మందు అనుకున్న లోకానికి అది విషం కూడా కావచ్చునని తెలిసింది.

కదలని కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తికి చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. వెల్లకిలా పడుకున్న మనిషి లోతుగా ఊపిరి తీయడు, గట్టిగా దగ్గడు; కఫం అడుగున నిలిచి న్యుమోనియా అవుతుంది. ఒకేచోట ఒత్తిడి పడితే నడుము చివర, మడమల దగ్గర చర్మం చచ్చి పుండు పడుతుంది. మూత్రానికి పెట్టిన గొట్టం అవసరం తీరాక కూడా ఉంచితే దాని వెంట చీము చేరుతుంది. 2007లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారే పది రోజులు మంచం మీద ఉండేసరికి కాళ్ళలోని కండ దాదాపు ఒక కిలో తగ్గిపోయింది. ఆరోగ్యవంతులకే అలా అయితే విరిగిన ఎముకతో ఉన్న అవ్వ సంగతి ఏమిటి?

తుంటి విరిగిన వృద్ధులలో ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల నలుగురిలో ఒకరు, ఏడాది తిరగకముందే కన్నుమూస్తున్నారు. వారిలో చాలామందిని చంపేది విరిగిన ఎముక కాదు. దాని వెంట వచ్చే ఈ చిక్కులే. అందుకే ఇంగ్లండులో వైద్య ప్రమాణాలు నిర్ణయించే 'నైస్' సంస్థ 2011లో రెండు మాటలు స్పష్టంగా చెప్పింది. ఆపరేషన్ ఆస్పత్రిలో చేరిన రోజునో మరునాడో జరగాలి. ఆపరేషన్ మరునాడే, అడ్డుచెప్పే కారణం ఏదీ లేకపోతే, రోగిని లేపి కదిలించడం మొదలుపెట్టాలి. నాటు కట్టుతో నాలుగు రోజులు, దూరదేశంలో ఉన్న కొడుకు వచ్చేదాకా మరో నాలుగు రోజులు ఆపడం మనలో ఉన్నదే. ఆ రోజులన్నీ ఆ తల్లి ఖాతాలోనుంచే పోతాయి.

ఇప్పుడు మనస్సాక్షి సంగతికి వద్దాం. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమా అక్వీనాసు దయను గురించి చేసిన ఒక విభజన మేము కంఠస్థం చేశాం. పరుల బాధ చూసి మన గుండెలో కలిగే చలనం ఒకటి. అది అనుభూతి మాత్రమే. ఆ చలనాన్ని వివేకం చేతిలోకి తీసుకుని, ఎదుటి వారికి నిజంగా మేలైనదానివైపు నడిపించినప్పుడే అది సుగుణం అవుతుంది. పరీక్షలో ఈ జవాబుకు నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ తల్లి మంచం పక్కన మాత్రం తప్పాను.

ఎందుకంటే, నిజాయితీగా చూసుకుంటే, ఆ రోజు నేను తీర్చింది ఎవరి బాధ? ఆమె కేక వినలేకపోయింది నా చెవులు. "పడుకోనివ్వండి" అన్న మాటతో ఊరట కలిగింది నాకు. ఆమె బాధ ఆగలేదు. నాకు కనిపించని చోటికి, ఆమె వీపు కిందికి వెళ్ళింది. మనం జాలి అని పిలిచేదానిలో చాలాభాగం మన బాధను మనం తప్పించుకోవడమే. ప్రేమ అంటే ఎదుటివారి మేలు కోరడం. మేలు కోరడం వినసొంపుగా ఉండాలన్న నియమం ఏదీ లేదు.

ఈ పాఠం నాకు మళ్ళీ నేర్పింది ఒక కోడలు. గత సంవత్సరం తపస్కాలంలో మరియదళం స్త్రీలు నలుగురు నా దగ్గరకు వచ్చారు. "ఫాదర్‌గారూ, ఆ కోడలికి కాస్త బుద్ధి చెప్పండి. ఆపరేషనయిన ముసలమ్మను పూటపూటా లేపి నడిపిస్తోంది. కేకలు మూడిళ్ళ అవతలికి వినబడుతున్నాయి" అన్నారు. వెళ్ళాను. అత్తకు ఎనభై దగ్గర పడ్డాయి. కోడలు మిరపకోతకు వెళ్ళే మనిషి. సీజను మంచి ఊపులో ఉండగా కూలి మానుకుని ఇంట్లో ఉంది. గోడకు వేలాడే క్యాలెండరు పక్కన నోటుపుస్తకం కాగితం ఒకటి అతికించి ఉంది. ఏ మాత్ర ఎన్ని గంటలకు, పక్క మార్చింది ఎప్పుడు, ఎన్ని అడుగులు నడిచింది - అన్నీ వంకర టింకర అక్షరాల్లో రాసి ఉన్నాయి.

నా ఎదుటే నడిపించింది. అంతకు అరగంట ముందే నొప్పి మాత్ర ఇచ్చింది. "నువ్వు కోడలివా, పోలీసువా?" అని అత్త తిట్టింది. "పోలీసునే అత్తా. ఆ తలుపు దాకా నడువు, వదిలేస్తా" అంది కోడలు. తలుపు దాకా నడిచాక కుర్చీలో కూర్చోబెట్టి, చెమట తుడిచి, గుడ్డు ఒలిచి నోట్లో పెట్టింది.

నేను నెమ్మదిగా, "ఇరుగుపొరుగు ఏదో అనుకుంటున్నారమ్మా" అన్నాను. ఆమె నావైపు చూసి, "మీరంతా వచ్చి జాలిపడి పోతారు ఫాదర్‌గారూ. రాత్రి రెండింటికి లేచి పక్క మార్చేది నేను" అంది. ఆ మాట తరువాత నేను ఏ బుద్ధీ చెప్పలేదు. ఆ కాగితం మీద ఉన్నవి ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను.

ఆమె చేసినవి పెద్ద విద్యలు కావు. రెండు గంటలకొకసారి పక్క మార్చేది. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టేది. దుప్పటి తడిస్తే వెంటనే మార్చేది. మంచం మీద ఉన్నప్పుడు కూడా పాదాలు పైకీ కిందికీ ఆడించమనేది. మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరంతో గంటకోసారి ఊపిరి లాగించేది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందును, నయమైందని మధ్యలో ఆపకుండా, డాక్టరుగారు చెప్పిన చివరి రోజు వరకు ఇచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు అడిగి వచ్చింది: కాలు మీద ఎంత బరువు మోపవచ్చు? ఏ విధంగా కూర్చోకూడదు? ఏ గుర్తు కనిపిస్తే పరుగెత్తుకు రావాలి? ఈ మూడు ప్రశ్నలు మీరూ అడగండి. ఆపరేషన్ రకాన్ని బట్టి జవాబులు మారుతాయి. కీలు మార్చిన వారిలో కొందరు గొంతుకు కూర్చోకూడదు, బాసింపట్టు వేయకూడదు, కాలు మీద కాలు వేయకూడదు. అటువంటివారికి ఎత్తయిన కుర్చీ, కుర్చీలాంటి మరుగుదొడ్డి కావాలి.

ఆ ఇంట్లో ఇరుగుపొరుగుకు నచ్చనిది ఇంకొకటి ఉంది. అది పథ్యం. ఆపరేషన్ అయినవారికి పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వద్దని, చారన్నంతో సరిపెట్టాలని మన పెద్దలు గట్టిగా నమ్ముతారు. నిజానికి కోసిన గాయం మానాలన్నా, కరిగిన కండ తిరిగి రావాలన్నా శరీరానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప - డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప - పెట్టవలసినవే. మాటిమాటికి మూత్రానికి లేపవలసి వస్తుందని నీళ్ళు తగ్గించడం కూడా ఇళ్ళలో చూశాను. దానికి ఏ పేరు పెట్టాలో మీరే ఆలోచించండి.

నొప్పి సంగతి కూడా చెప్పాలి. మన పెద్దల్లో కొందరు భక్తితోనే మాత్ర వద్దంటారు. "ప్రభువు సిలువ మీద మాత్ర వేసుకున్నాడా?" అని ఒక తాత నన్ను అడిగాడు. బాధను దేవునికి సమర్పించడం గొప్ప విషయమే. కాని నొప్పి తగ్గించుకోవడం పాపం కాదని, వైద్యుల ప్రశ్నలకు జవాబుగా పన్నెండవ భక్తినాథ పోపుగారు 1957లోనే స్పష్టం చేశారు. తుంటి ఆపరేషన్ విషయంలో మరో కారణం ఉంది. నొప్పి ఉన్న మనిషి లోతుగా ఊపిరి పీల్చడు, కాలు కింద మోపడు. కాబట్టి నొప్పి మాత్ర వేళకు వేయడం సుఖం కోసం మాత్రమే కాదు. లేచి నిలబడడానికి అదే మొదటి మెట్టు.

మరొకటి, నన్ను అర్ధరాత్రి పిలిచే సంగతి. ఆపరేషనయిన రెండో రాత్రో మూడో రాత్రో పెద్దాయన ఉన్నట్టుండి గోడ మీద మనుషులున్నారంటాడు, కన్నకూతురిని గుర్తుపట్టడు, గొట్టాలు పీకేస్తాడు. గాలి సోకిందని భయపడి పవిత్ర జలం తెమ్మని కబురు పెడతారు. నేను వెళ్ళి ప్రార్థిస్తాను, తప్పకుండా. కాని ప్రార్థించాక ఒక ప్రశ్న అడుగుతాను: "తాతగారి కళ్ళజోడు ఏది?" చాలాసార్లు అది ఇంట్లో బీరువాలో ఉంటుంది. చూపు ఆనక, మాట వినపడక, నిద్ర లేక, నీరు చాలక, నొప్పితో, కొత్త చోట మెదడు తాత్కాలికంగా తడబడడమే అది. దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. లోపల ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు, మందు పడకపోయి ఉండవచ్చు. తుంటి విరిగిన వృద్ధులపై 2001లో అమెరికాలో ప్రచురించిన పరిశోధనలో, మామూలు చికిత్స పొందినవారిలో సగం మందికి ఈ తడబాటు వచ్చింది. వృద్ధుల వైద్యంలో ఆరితేరిన డాక్టరు రోజూ వచ్చి ఇలాంటి చిన్న చిన్న విషయాలు సరిచూసిన వారిలో మూడో వంతుకే వచ్చింది. కళ్ళజోడు, వినికిడి యంత్రం, పగటి వెలుగు, తెలిసిన ముఖం, చెయ్యి పట్టుకుని పేరుపెట్టి పిలిచే గొంతు - వీటికి ఖర్చు లేదు.

కొన్ని గుర్తులకు మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. పిక్క వాచి నొప్పి పెట్టడం, గాయం నుంచి చీము కారడం, జ్వరం, అకస్మాత్తుగా కాలు పొట్టిగా లేదా పక్కకు తిరిగినట్టు కనబడడం - వెంటనే ఆస్పత్రికి చెప్పాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోను చేయాలి. ఫాదర్‌కు తరువాత చేయవచ్చు.

ఇంతవరకు చదివి ఎవరైనా అడగవచ్చు: "అయితే పెద్దవారి ఇష్టంతో పనిలేదా? వద్దంటున్నా ఈడ్చవలసిందేనా?" న్యాయమైన ప్రశ్న. వృద్ధురాలు బరువు మోసే వస్తువు కాదు, మనిషి. ఎందుకు నడవాలో ఆమెకు చెప్పాలి. ఎప్పుడు నడవాలో, ఎన్ని అడుగులు వేయాలో ఆమెనే అడగాలి. ఆ కోడలు కూడా "తలుపు దాకా" అని బేరం పెట్టింది గాని జుట్టు పట్టి లాగలేదు. ఒక్కోసారి "వద్దు" అనే మాట వెనుక "నేను మీకు భారమయ్యాను" అనే మాట దాగి ఉంటుంది. అప్పుడు ఆమెను మన్నించడమంటే వదిలేయడం కాదు, ఆ మాట అబద్ధమని చూపించడం. ఇక మరణం నిజంగా దగ్గరపడిందని, ఇకపై నడక మేలు చేయదని వైద్యులు చెబితే, అప్పుడు లేపడమే హింస. అప్పుడు నొప్పి తీర్చి, పెదవులు తడిపి, పక్కన కూర్చోవడమే దయ. లేపవలసిన వేళ, లేపకూడని వేళ ఏదో తెలుసుకోవడానికే దేవుడు మనకు వివేకం ఇచ్చాడు. కాని ఆ రెండో వేళ రాకముందే వచ్చిందని మనమే నిర్ణయించడం, 2001లో నేను చేసినట్టు, మహా సులభం.

చివరగా, ఈ బరువు ఎవరిది? మంచి సమరయుని కథలో మనం సాధారణంగా మొదటి సగమే చెప్పుకుంటాం - దారిలో ఆగడం, గాయాలు కట్టడం. రెండో సగం కూడా ప్రభువే చెప్పాడు. ఆ మనిషిని సత్రానికి చేర్చి, రాత్రి కనిపెట్టుకుని, మరునాడు సత్రం యజమానికి రెండు దీనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని మాట ఇచ్చి వెళ్ళాడు. గాయానికి కట్టు కట్టడం ఒక గంట పని. కోలుకునేదాకా చూడడం వారాల పని. ఆపరేషన్ కట్టులాంటిది, మన ఇల్లు ఆ సత్రం. మన ఇళ్ళలో ఆ సత్రం పని అంతా ఒక్క కోడలి మీదో, ఒక్క కూతురి మీదో పడుతోంది. దూరాన ఉన్న కొడుకు డబ్బు పంపి తన వంతు తీరిందనుకుంటాడు. ఆ డబ్బు రెండు దీనారాలు, కాదనను. కాని తిరిగి వస్తానన్న మాట కూడా ఆ కథలో ఉంది.

మా విచారణలో ఆ నలుగురు మరియదళం స్త్రీలే తరువాత వంతులు వేసుకున్నారు. రోజుకొకరు మధ్యాహ్నం రెండు గంటలు వెళ్ళి కూర్చుంటే ఆ కోడలు పడుకుని నిద్రపోయేది. మేము గుడి మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ వేయించాం. చాపల మీద కూర్చోలేనివారికి ముందు వరుసలో నాలుగు ఎత్తయిన కుర్చీలు వేశాం. యువకులు మూడు ఇళ్ళలో స్నానాల గదికి బల్బు, గోడకు పిడి బిగించి వచ్చారు. ఒకసారి పడిన మనిషి మళ్ళీ పడడం తేలిక. ఎముకలకు బలమిచ్చే మందు గురించి డాక్టరును అడగడం కూడా మరవకండి. తుంటి విరిగినవారికి ఏడాదికొకసారి సెలైనులా ఎక్కించే జోలెడ్రానిక్ ఆసిడ్ అనే మందు ఇచ్చి చూసినప్పుడు, కొత్తగా ఎముకలు విరగడం మూడో వంతుకు పైగా తగ్గినట్టు, మరణాలు కూడా తగ్గినట్టు 2007లో తేలింది. అది ఎవరికి తగునో వైద్యులు చెబుతారు.

పేతురుగారి అత్త జ్వరంతో పడుకుని ఉన్నప్పుడు ప్రభువు ఏమి చేశాడో మార్కు సువిశేషంలో ఉంది. దగ్గరకు వెళ్ళి, చెయ్యి పట్టుకుని, లేవనెత్తాడు. దూరం నుంచి జాలిపడలేదు.

ఈ పత్రిక మడిచి పక్కన పెట్టాక, మీ వీధిలో ఆపరేషనయి మంచాన ఉన్న పెద్దవారు ఎవరో గుర్తుచేసుకోండి. పండ్లు తీసుకెళ్ళండి, వద్దనను. వెళ్ళాక మాత్రం ఆ ఇంటి కోడలిని, "కాసేపు నువ్వు పడుకో అమ్మా, నేను నడిపిస్తాను, ఎలాగో చూపించు" అని అడగండి. ఆ అత్త పాస్కా పండుగ నాటికి చట్రం పట్టుకుని మా గుడి గుమ్మం దాకా వచ్చింది. నన్ను చూసి, "ఈ పోలీసు నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చింది సామీ" అంది. కోడలు వెనకే నిలబడి ఉంది. అత్త చెయ్యి ఆమె భుజం మీద ఉంది.